నా మాట ఆమె తెర మీద

ఆత్మకూరు నుంచి నా స్నేహితురాలు ఫోన్ చేసేటప్పటికి నేను ఉదయగిరిలో మా స్కూలు కంప్యూటర్ ల్యాబులో ఉన్నాను. "నీ మాట వచ్చేసిందే. కొత్త వెర్షన్లో ఉండాది, ఇప్పుడే చూస్తన్నా" అంది.

సంతోషించాల్సిన కబురే. కంప్యూటర్లో ఏదైనా పొరపాటు చేస్తే, చేసినదాన్ని చెరిపి వెనకటి స్థితికి తెచ్చే మీట ఒకటి ఉంటుంది. ఇంగ్లీషులో దాన్ని అన్‌డూ అంటారు. విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్ తెలుగులో దానికి ఏళ్ళ తరబడి 'చర్యరద్దు' అని ఉండేది. అది ఆమె పెట్టిన మాట. 'వెనక్కి తీయి' అని ఉండాలని నేను మొదటినుంచీ అంటూ వచ్చాను. ఇన్నాళ్ళకు ఆమె తన మాట తీసేసి నా మాట పెట్టింది. ఎక్కడ ఎవరు తమ కంప్యూటర్‌ని తెలుగులోకి మార్చుకున్నా, కొత్త వెర్షనైతే ఇకమీదట నా మాటే కనబడుతుంది.

కానీ నా ముందున్న కంప్యూటర్లో అది లేదు. మా ల్యాబులో ఉన్నది పాత వెర్షను. నా మాట అక్కడిదాకా రావాలంటే ఇంకా ఒకటి రెండేళ్ళు ఆగాలి. ఆమె ల్యాప్‌టాప్‌లోకి మాత్రం వచ్చేసింది. మంచిదేలే అని ఫోన్ పెట్టేశాను. ఆ పూట ఎనిమిదో తరగతికి ఏం పాఠం చెప్పానో నాకు తెలియదు. నేను కన్న బిడ్డను ముందుగా ఆమె ఎత్తుకున్నట్టనిపించింది. మా తెర మీద అదే చోట ఆమె మాట, చర్యరద్దు, కదలకుండా కూర్చుని ఉంది.

మాది అనంతసాగరం దగ్గర పల్లె. ఆత్మకూరులో డిగ్రీ చదివేటప్పుడు రోజూ షేర్ ఆటోలో వచ్చి పోయేదాన్ని. ఆమెది ఆత్మకూరే. బజార్లో వాళ్ళకు హోల్‌సేల్ కిరాణా కొట్టు, దాని మీదనే ఇల్లు. కాలేజీలో మాకు కంప్యూటర్లు చెప్పే సారు ఒకరోజు లినక్స్‌ని తెలుగులో తెరిచి చూపించారు. మెనూల్లో సగం తెలుగు, సగం ఇంగ్లీషు. ఆ మిగిలిన సగం ఎవరు రాస్తారు సార్ అని ఆమె అడిగింది. ఎవరైనా రాయొచ్చు, మీరే రాయండి అన్నారాయన. అలా మొదలైంది.

కొట్టు పైనున్న గదిలో కూర్చుని రాసేవాళ్ళం. కింద నుంచి ఎండు మిరపకాయల ఘాటు వచ్చేది, తుమ్ముకుంటూనే రాసేవాళ్ళం. వాళ్ళమ్మ కారం దోసెలు పోసి పైకి పంపేది. నేను ఇంట్లో మాట్లాడే మాట వైపు లాగేదాన్ని, ఆమె పుస్తకం మాట వైపు లాగేది. అన్‌డూ దగ్గర పెద్ద వాదనే జరిగింది. చివరికి కీబోర్డు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాట నిలబడేది, ఆ కీబోర్డు ఆమె ఇంటిదే. అప్పుడు దాన్ని తలుచుకుని నవ్వుకునేవాళ్ళం.

డిగ్రీ అయ్యాక నేను బీఎడ్ చేశాను. పెళ్ళయి ఉదయగిరి వచ్చాను, ఇక్కడ ఒక ప్రైవేటు హైస్కూల్లో కంప్యూటర్ టీచరుగా చేరాను. ఆమె పెళ్ళి చేసుకుని కూడా ఆత్మకూరు దాటలేదు. ఆమె భర్త వాళ్ళ కొట్లోనే చేరాడు. ఆమె ఆ పైగదిలోనే కూర్చుని రాస్తూ పోయింది. నేను వంట, పిల్లలు, పేపర్లు దిద్దడం అయ్యాక ఏ ఆదివారమో నాలుగు మాటలు పంపేదాన్ని. కొన్నేళ్ళకు ఇట్లా రాసేవాళ్ళ తెలుగు బృందానికి ఆమె పెద్ద అయింది. ఎవరు ఏం రాసినా ఆమె చూసి సరే అన్నాకనే లోపలికి పోతుంది. నావి కూడా అంతే.

మా ల్యాబు సంగతి చెప్పాలి. లినక్స్‌లో ఒక రకం ఉంది. ఒకసారి విడుదలయ్యాక దాన్ని ఏళ్ళపాటు అట్లాగే ఉంచుతారు. ఎక్కడన్నా చిల్లు పడితే పూడుస్తారు తప్ప, కొత్తది ఏదీ లోపలికి రానివ్వరు. ఇంకో రకం ఆర్నెల్లకోసారి మొత్తం కొత్తదవుతుంది. మొదటిది నిలకడగా ఉంటుంది, రెండోది ముచ్చటగా ఉంటుంది. ల్యాబుకి నిలకడదాన్నే ఎంచుకున్నది నేనే. మావి నెల్లూరు నుంచి తెచ్చిన సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లు. నెట్ వస్తే వస్తుంది, లేకపోతే లేదు. సీతారామపురం వైపు నుంచి బస్సులో వచ్చే పిల్లలకు ఈ ల్యాబు తప్ప వేరే కంప్యూటర్ లేదు. జూన్‌లో నేర్చుకున్న మెనూ ఆగస్టులో ఇంకో చోటికి పోతే వాళ్ళు మళ్ళీ మొదటికొస్తారు. నా ల్యాబు నేను చేరినప్పటినుంచి ఒక్కరోజు కూడా ఆగలేదని నాకు గర్వం.

అయినా పాతదానితో ఇబ్బందులు లేకపోలేదు. తెలుగు ప్రశ్నపత్రం టైపు చేసి పీడీఎఫ్ చేస్తే కొన్ని ఒత్తులు అక్షరం కింద ఉండకుండా పక్కకొచ్చి నిలబడేవి. కొత్త వెర్షన్లో అది ఎప్పుడో బాగయింది. ఆ సంగతి నాకు చెప్పింది కూడా ఆమే. కొత్తది వచ్చినప్పుడల్లా తన ల్యాప్‌టాప్ తెర ఫోటో పంపేది. నేను రెండు వేళ్ళతో ఆ ఫోటోను పెద్దది చేసి మూలమూలలా చూసేదాన్ని. రంగులు బాగుండేవి, అక్షరాలు గుండ్రంగా నిండుగా ఉండేవి. కానీ నేను వెతికేది అవి కాదు. ఏ మాట నాది, ఏ మాట ఆమెది, నాదాన్ని ఎక్కడ మార్చింది అని వెతికేదాన్ని. మా ల్యాబులో ఇప్పుడున్న వెర్షను రాకముందు ఒకసారి, నేను రాసిన 'కాస్త ఆగండి' పోయి 'దయచేసి వేచి ఉండండి' వచ్చింది. మిగతా చోట్ల అట్లా ఉందని, అన్నీ ఒకేలా ఉండాలని మెసేజ్ పెట్టింది. నేను బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాను. ఆరోజు నా మొహం చూసి మా ఆయన, నచ్చకపోతే ఆమెకే చెప్పొచ్చు కదా, ఇంట్లో గిన్నెలు ఎత్తెత్తి ఎందుకు వేస్తావు అన్నాడు. నేనేమీ ఎత్తి వేయలేదన్నాను.

ఆ ఫోన్ వచ్చిన కొన్నాళ్ళకు మా స్కూల్లో సైన్సు దినం జరపాలనుకున్నారు. మా కరస్పాండెంటు ల్యాబుకి వచ్చాడు. నెల్లూరులో ఎక్కడో ఆమె మాట్లాడిన వీడియో ఆయన ఫోన్‌కి వచ్చిందట.

"మేడం, ఆత్మకూరులో ఒకామె ఉండాదంట, కంప్యూటర్ని తెలుగులోకి మార్చిందంట. మీకు తెలుసునా?" అని అడిగాడు.

"తెలుసు సార్. కలిసి చదువుకున్నాం."

"ఇంకేం మరి. ముఖ్య అతిథిగా ఆమెనే పిలుద్దాం. మీరే ఫోన్ చేయండి."

నేను కూడా ఏమైనా చేశానా అని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. ఆయన వెళ్ళిపోయాక గోడకున్న బోర్డు తుడుస్తూ చాలాసేపు నిలబడ్డాను. తర్వాత ఫోన్ చేసి పిలిచాను. ఆమె వెంటనే ఒప్పుకుంది, నిన్ను చూసి ఎన్నాళ్ళయిందే అంది.

అప్పటినుంచి నాకు ఒకటే దిగులు. ఆమె వచ్చి నా కంప్యూటర్ల ముందు కూర్చుంటుంది. ప్రతి తెర మీదా ఆమె పాత మాటలే ఉంటాయి. అందరూ ఆమెను మెచ్చుకుంటారు. నా ల్యాబులో నేను రాసినవి ఉన్నా ఎవరి కంటికీ ఆనవు. ఆ రోజుకల్లా కొత్త డెస్క్‌టాప్, అంటే తెర మీద మనకు కనబడే మెనూలు, బొమ్మలు, పెట్టెయ్యాలని నిర్ణయించుకున్నాను. మొత్తం కొత్త వెర్షను ఎక్కించడానికి నెట్ చాలదు, టైమూ చాలదు. కింద పునాది పాతదే ఉంచి, పైన కనబడే డెస్క్‌టాప్ మాత్రం కొత్త వెర్షన్నుంచి తెచ్చి అతికించవచ్చని చదివాను. వద్దని చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు. నేనే ఒకప్పుడు వేరే స్కూలు సారుకి, రెండింటినీ కలపొద్దు సార్, రెంటికీ చెడతారు అని చెప్పి ఉన్నాను.

ఆదివారం పొద్దున్నే వాచ్‌మన్ దగ్గర తాళం తీసుకుని, ఫోన్ నెట్‌తో మొదటి కంప్యూటర్‌కి ఎక్కించాను. కాసేపు నడిచి, కొత్త డెస్క్‌టాప్ తెరుచుకుంది. గుండ్రటి అక్షరాలు. మెనూ తీస్తే 'వెనక్కి తీయి'. దాన్ని నొక్కాను, ఊరికే మళ్ళీ మళ్ళీ నొక్కాను. కిటికీలోంచి దుర్గం కొండ మీద ఎండ తెల్లగా కొడుతోంది. నాకు లోకంలో ఎవరి మీదా కోపం లేదు. ఆ ఊపులో మిగిలినవాటికి కూడా ఎక్కించేసి, అన్నం తినడానికి ఇంటికి పోయాను.

తిరిగొచ్చి మొదటిదాన్ని ఆపి మళ్ళీ వేస్తే బూడిద రంగు తెర ఒక్కటే వచ్చింది, దాని మీద బాణం గుర్తు అటూ ఇటూ కదులుతోంది. కొత్త డెస్క్‌టాప్‌కి కింద కొన్ని భాగాలు కొత్తవి కావాలి. అది కొన్నిటిని మార్చుకుంది, కొన్నిటిని మార్చుకోలేకపోయింది. సగం అదీ సగం ఇదీ అయి కూర్చుంది. రెండోదీ అంతే. కొన్ని తెరుచుకున్నాయి గానీ తెలుగు కీబోర్డు పనిచేయలేదు, ఏది కొట్టినా ఇంగ్లీషే. సాయంత్రం దాకా కుస్తీ పట్టాను. సోమవారం పిల్లల్ని ల్యాబులోకి తీసుకుపోకుండా క్లాసులోనే థియరీ చెప్పాను. ఆమెకు ఫోన్ చేస్తే దారి చెబుతుందని తెలుసు. చేయలేదు.

కార్యక్రమం బుధవారం. ఆమె మంగళవారం మధ్యాహ్నం బస్సుకే దిగింది. ఒకరోజు ముందొచ్చి నాతో గడుపుదామనుకుందట. స్కూలుకి వచ్చి, నన్ను వెతుక్కుంటూ నేరుగా ల్యాబులోకి వచ్చింది. చేతిలో వాళ్ళమ్మ కోసం దారిలో కొన్న ఉదయగిరి చెక్క గరిటెలు. వరసగా ఉన్న బూడిద తెరల్ని చూసి, గరిటెలు బల్ల మీద పెట్టి ఒక కంప్యూటర్ ముందు కూర్చుంది.

"ఏం చేసినావే వీటిని?"

"కొత్త డెస్క్‌టాప్ ఎక్కించినాను."

"పాతదాని మీదనే?"

"పాతదాని మీదనే."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఎందుకే? నీ ల్యాబు ఒక్కరోజు గూడా ఆగలేదని నేను అందరికీ చెప్తా ఉంటానే" అంది.

"నువ్వు ఎప్పుడూ కొత్తదాంట్లో ఉంటావు. నేను మాత్రం పాతదాంట్లో పడి ఉండాల్నా?"

ఆమె నా వైపు తిరిగింది. "నాదంతా కొత్తదని నీకెవురు చెప్పినారు? ల్యాప్‌టాప్ ఒక్కటే కొత్తది. అది చెడిపోయినా నాకు పొయ్యేదేం లేదు. కింద కొట్లో బిల్లులేసేది నీ దానికంటే పాతది. దాన్ని మా ఆయన్ని గూడా ముట్టుకోనియ్యను."

నాకు ఆ సంగతి తెలియదు. ఆమె పంపిన ఫోటోలన్నీ పైగదిలోని ల్యాప్‌టాప్‌వే. కింద కొట్లో ఏముందని ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగలేదు.

పాత వెర్షను ఉన్న పెన్‌డ్రైవ్ బీరువాలో ఉంది. పిల్లల ఫైళ్ళు పక్కకు తీసి, ఒక్కొక్కదాన్నీ తుడిచి మళ్ళీ ఎక్కించడం మొదలుపెట్టాం. ఆమె ఒక వరస, నేను ఒక వరస. ఎక్కుతున్నంతసేపూ కాలేజీ సంగతులు మాట్లాడుకున్నాం. మధ్యలో ఆమె, ఇంతకీ కొత్తదాంట్లో నీకు కావాల్సిందేంది అని అడిగింది. పీడీఎఫ్‌లో ఒత్తులు అన్నాను. దానికోసం మొత్తం మార్చడమెందుకు, ఆ ఒక్క ప్రోగ్రామునే విడిగా కొత్తది పెట్టుకోవచ్చు, ఆ ప్రోగ్రాము తనకు కావాల్సినవన్నీ తన వెంటే తెచ్చుకుంటుంది, కిందనున్నదాని జోలికి రాదు అని, అక్కడే ఒకదాంట్లో పెట్టి చూపించింది. ఒత్తులు బుద్ధిగా అక్షరాల కింద నిలబడ్డాయి.

"ఇంకేం కావాల?" అంది.

నేను పెన్‌డ్రైవ్ తీసి పక్క కంప్యూటర్‌కి పెట్టాను. అటు చూస్తూనే, "నా మాటలు" అన్నాను.

ఆమె కుర్చీ నా వైపు జరుపుకుంది. "మాటలు వేరే ఫైల్లో గదే ఉండేది. ప్రోగ్రాముని ముట్టుకోకుండా ఆ ఫైలొకటి మార్చుకుంటే సరిపొయ్యేది. నీకు తెలీందా?"

నాకు తెలుసు. కాలేజీ రోజులనుంచీ తెలుసు. ఆ ఫైళ్ళు రాసేదే నేను. అయినా తోచలేదు. నాకు నిజంగా కావాల్సింది నా మాటలే అయితే ఆ దారి మొదటి నిమిషంలోనే తోచేది. నాకు కావాల్సింది ఆమె ముందున్న తెర. ఆ సంగతి అర్థమైన క్షణంలో కూడా నా కడుపులో మంట చల్లారలేదు. ఇంత చిన్న ఉపాయం మళ్ళీ ఆమె నోటినుంచే రావాలా అనిపించింది.

ఆ రాత్రికి మా ఇంట్లోనే ఉంది. మా ఆయనతో, పిల్లలతో ఎప్పటినుంచో తెలిసినదానిలా కలిసిపోయింది. గోంగూర పప్పు రెండోసారి వడ్డించుకుంటూ నా వంట మెచ్చుకుంది. నాకు అది కూడా నచ్చలేదు.

మర్నాడు కరస్పాండెంటు ఆమెకు శాలువా కప్పాడు. మైకు ముందు ఆమె ఎక్కువ మాట్లాడలేదు. మీరు రోజూ చూసే తెలుగులో చాలా మటుకు మీ టీచరే రాసింది, మీకు చెప్పిందో లేదో అంది. పిల్లలందరూ వెనక్కి తిరిగి నన్ను చూసి చప్పట్లు కొట్టారు. కరస్పాండెంటు ఆశ్చర్యంగా చూశాడు. నేను తల వంచుకున్నాను. ఇన్నేళ్ళు నేను ఎదురుచూసింది అదే. కానీ దాన్ని ఆమె ఇచ్చింది, నేను పుచ్చుకున్నాను. పై చెయ్యి మళ్ళీ ఆమెదే అయింది. బస్సెక్కేటప్పుడు చెయ్యి ఊపాను. బస్సు కదిలాక నాకు ఊపిరాడినట్టయింది.

ఆ వారంలోనే ల్యాబులో మాటల ఫైళ్ళు మార్చాను. పాత ప్రోగ్రాములే, మాటలు మాత్రం నావి. చర్యరద్దు పోయి 'వెనక్కి తీయి' వచ్చింది. 'దయచేసి వేచి ఉండండి'ని తీసేసి 'కాస్త ఆగండి' పెట్టాను. ల్యాబులోకి అడుగుపెట్టినప్పుడల్లా నా ఇంట్లోకి నేను వచ్చినట్టుండేది.

తర్వాత తొమ్మిదో తరగతికి ప్రాక్టికల్ పరీక్ష పెట్టాను. మొదలైన కాసేపటికే ఒక మూలనుంచి, టీచర్, చర్యరద్దు పోయింది అన్నారు. ఇంకో మూలనుంచి మా దాంట్లో గూడా లేదు టీచర్ అన్నారు. అక్కడే ఉంది, పేరు మారింది, చదివి చూడండి అన్నాను. చదివారు. అయినా వాళ్ళ కళ్ళు ఆ పాత మాట కోసమే వెతుకుతున్నాయి. కొందరు పొరపాటున చేసినదాన్ని అట్లాగే ఉంచి ఇచ్చేశారు.

ఆ మధ్యాహ్నం గ్రౌండులో పిల్లలు కబడ్డీ ఆడుతుంటే వరండాలో నిలబడి చూస్తున్నాను. ఒకడు గీత తొక్కి అవుటయ్యాడు. "చర్యరద్దురా, చర్యరద్దు, మళ్ళీ వస్తా" అంటున్నాడు. అవతలి జట్టువాళ్ళు, నీకు చర్యరద్దు లేదు పోరా అంటున్నారు. ఆ మాట వాళ్ళు ఆటలో వాడటం అంతకుముందు కూడా నా చెవిన పడింది, పట్టించుకోలేదు. పుస్తకం మాట పిల్లల నోళ్ళకు ఎక్కదని, ఇంటి మాటే దగ్గరగా ఉంటుందని ఆ పైగదిలో వాదించినదాన్ని నేను. ఈ పిల్లలు ఆరో తరగతినుంచి చూసి చూసి దాన్ని తమది చేసుకున్నారు. అంత కుళ్ళు నాకు ఆమె మీద ఎప్పుడూ పుట్టలేదు. శాలువా కప్పినప్పుడు కూడా లేదు.

రెండు రోజులు అట్లాగే ఉంచాను. మూడో రోజు ల్యాబులో కూర్చుని ఒక్కొక్కదాంట్లో చర్యరద్దు తిరిగి పెట్టాను. 'కాస్త ఆగండి'ని మాత్రం తీయలేదు. దాన్ని ఎవరూ గమనించలేదు.

ఆమెకు ఈ సంగతి చెప్పడానికి నాకు చాలా రోజులే పట్టింది. ఫోన్‌లో చెప్పాను, కబడ్డీతో సహా.  అవతల కింద కొట్లో ఎవరో గిరాకీతో బేరమాడుతున్న గొంతు వినబడుతోంది.

"అయితే కొత్తదాంట్లో నేను మార్చింది తప్పంటావా?" అంది.

"కొత్తదాంట్లో ఉండనీ. అక్కడికి కొత్తవాళ్ళొస్తారు. పాతదాంట్లో ఉండేవాళ్ళకి మార్చొద్దు" అన్నాను.

"ఆ పాతదాన్ని నువ్వు చూసుకోవే మరి. నా ముందర పిల్లలు కూసోని లేరు. ఏది మారిస్తే ఎవురికి ఇబ్బందో నాకు తెలవదు, నీకు తెలస్తాది" అంది.

పాత వెర్షన్లకు కూడా అప్పుడప్పుడూ తెలుగులో తప్పులు సరిదిద్ది పంపుతుంటారు. ఏవి పంపాలి, ఏవి ఉన్నవి ఉన్నట్టు వదిలేయాలి అని చూసే పని అది. నిజంగా నా మీద నమ్మకంతో ఇచ్చిందా, నా బాధ చూసి జాలిపడి ఇచ్చిందా అని ఆ రోజంతా ఆలోచించాను. ఒప్పుకున్నాను. ఇప్పుడు నిలకడ వెర్షన్లోకి ఏ తెలుగు మాట పోవాలన్నా నేను చూసి సరే అనాలి. ఆమె పంపినా అంతే.

పోయిన నెల ఆమె దగ్గరనుంచి మొదటి దిద్దుబాటు వచ్చింది. ఒక వాక్యంలో క్రియ బహువచనంలో ఉండాల్సింది ఏకవచనంలో ఉందట. క్లాసు లేని పీరియడులో తెరిచి చదివాను. వాక్యం చదివాను, దాని ముందు వాక్యం, తర్వాత వాక్యం కూడా చదివాను. నిఘంటువు కూడా తీశాను. ఒక్క తప్పయినా దొరుకుతుందేమోనని బెల్లు కొట్టేదాకా వెతికాను. దొరకలేదు. సరే అని నొక్కి, తొమ్మిదో తరగతిని లోపలికి రమ్మన్నాను.